ఆస్ట్రేలియాలో క్లబ్ గ్రౌండ్‌కి గవర్నమెంట్ గ్రాంట్ ఎలా వస్తుంది, మీకు ఎందుకు రాలేదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివా బ్రదర్. నాకు అర్థమైంది ఇది. విక్టోరియా స్టేట్‌లో బెండిగో దగ్గర మీ క్రికెట్ క్లబ్, ఆరేళ్ళ నుంచి ఒకే గ్రౌండ్‌లో ఆడుతున్నారు, మూడు సీనియర్ టీములు, ఒక జూనియర్ టీము, పోయినేడాది మొదలుపెట్టిన లేడీస్ టీము. చేంజ్ రూమ్స్ పాతవి, లైట్లు లేవు. ఒకసారి ఫెడరల్ ప్రోగ్రామ్‌కి పెట్టారు, ఒకసారి క్రికెట్ బోర్డు వాళ్ళ ఫండ్‌కి పెట్టారు, రెండూ పోయాయి. ఇప్పుడు ఒకాయన డబ్బులిస్తే గ్రాంట్ అప్లికేషన్ నేను రాసిపెడతా అంటున్నాడు, ఇంకొకాయన అవన్నీ వేస్టు, ఎలక్షన్ ముందు ఎంపీని పట్టుకోండి చాలు అంటున్నాడు. వీళ్ళలో ఎవరి మాట వినాలి, అసలు ఎక్కడ అప్లై చెయ్యాలి అని అడిగారు.

నేను మెల్‌బోర్న్ వెస్ట్‌లో ఒక క్లబ్‌కి తొమ్మిదేళ్ళు ట్రెజరర్‌గా చేశా, తర్వాత తెలిసినవాళ్ళ క్లబ్బులు రెండిటికి కూడా రాసిపెట్టా. మొత్తం పదకొండు అప్లికేషన్లు, వచ్చినవి నాలుగు. నా మాట వినేముందు రాని ఆ ఏడిటినీ కూడా లెక్కలో పెట్టుకోండి.

మీరు రాసిన దాంట్లో మధ్యలో ఒక లైన్ ఉంది, మీరు మామూలుగా రాసేసి ముందుకెళ్ళిపోయారు: "కౌన్సిల్‌కి మెయిల్ పెట్టాం, రిప్లై రాలేదు, డెడ్‌లైన్ దగ్గరపడిందని సబ్మిట్ చేసేశాం." మీ అప్లికేషన్ అక్కడే పోయింది. ఆ తర్వాత మీరు ఎంత బాగా రాసినా ఎవరూ చదివి ఉండరు.

ఎందుకంటే ఆ గ్రౌండ్ మీది కాదు కదా. ఇక్కడ క్లబ్బుల్లో నూటికి తొంభై మంది మర్చిపోయేది ఇదే. మనం సీజన్‌కి ఇంతని కట్టి వాడుకుంటాం, పిచ్ మీద కవర్ మనమే వేస్తాం, పెవిలియన్ తాళం మన దగ్గరే ఉంటుంది, దాంతో మనదే అనిపిస్తుంది. కానీ నేల కౌన్సిల్‌ది, అంటే ఇక్కడి మున్సిపాలిటీది అయినా అయ్యుండాలి, లేదంటే క్రౌన్ ల్యాండ్, అంటే గవర్నమెంట్ నేల అయ్యుండాలి. విక్టోరియాలో ఊళ్ళ దగ్గరుండే రిక్రియేషన్ రిజర్వులు చాలావరకు క్రౌన్ ల్యాండే, క్రౌన్ ల్యాండ్ రిజర్వ్స్ యాక్ట్ 1978 కింద కొన్నిటిని కౌన్సిలే చూసుకుంటుంది, కొన్నిటికి కమిటీ ఆఫ్ మేనేజ్‌మెంట్ అని ఊరివాళ్ళతో వాలంటీర్ కమిటీ ఉంటుంది. మీది ఏదో ముందు కనుక్కోండి. ఎవరి పేరున ఉంటే వాళ్ళ దగ్గర్నుంచి ఓనర్ కన్సెంట్ లెటర్ కావాలి, అంటే "ఈ పని మా స్థలంలో చెయ్యడానికి మాకు అభ్యంతరం లేదు, కట్టాక ఆస్తి మాదే, మెయింటెనెన్స్ ఫలానా వాళ్ళు చూసుకుంటారు" అని సంతకంతో. అది లేకుండా పెడితే మార్కులు వెయ్యడం దాకా కూడా రాదు, ఎలిజిబిలిటీ దగ్గరే పక్కన పెట్టేస్తారు. వేరేవాళ్ళ స్థలంలో మనం ఇల్లు కడతాం లోన్ ఇవ్వండి అని బ్యాంకుకెళ్తే ఏమంటారు, ఇదీ అంతే.

సరే, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది అనే దానికొద్దాం. మూడు చోట్ల ఉంటుంది, కౌన్సిల్, స్టేట్, ఫెడరల్. గ్రౌండ్లు ఎక్కువ ఉండేది కౌన్సిల్ దగ్గర, డబ్బు తక్కువ ఉండేది కూడా కౌన్సిల్ దగ్గరే. విక్టోరియాలో 79 కౌన్సిళ్ళున్నాయి, 2016 నుంచి వాళ్ళు రేట్స్ (మన ఆస్తి పన్ను లాంటిది) ఎంతవరకు పెంచుకోవచ్చో స్టేట్ గవర్నమెంటే ఏటా క్యాప్ పెడుతోంది. రోడ్లు, డ్రైన్లు, చెత్త, లైబ్రరీ అన్నీ అందులోనే నడవాలి, మరి 1970ల్లో కట్టిన పెవిలియన్లు అన్నీ ఒకేసారి ముసలివైపోయాయి. అందుకని మీరు ఫోన్ చేస్తే రిక్రియేషన్ ఆఫీసర్ విసుక్కున్నట్టు మాట్లాడితే మీ మీద కోపం అనుకోకండి, ఆయన టేబుల్ మీద మీలాంటి క్లబ్బులు నలభై ఉంటాయి.

స్టేట్‌ది వేరే పద్ధతి. విక్టోరియాలో లోకల్ స్పోర్ట్స్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండ్ అని ఉంది, చేంజ్ రూమ్స్, లైట్లు, పిచ్‌లు, ఇండోర్ స్టేడియంలు ఇలాంటివన్నీ అందులోంచే ఎక్కువ వస్తాయి. కానీ దానికి క్లబ్ అప్లై చెయ్యడానికి లేదు, కౌన్సిలే పెట్టాలి. ఇక్కడే ఆట అంతా ఉంది. కౌన్సిల్ ఒక రౌండ్‌లో, అంటే అప్లికేషన్లు పిలిచిన ఒక్కో విడతలో, ఇష్టమొచ్చినన్ని పెట్టలేదు, కొన్నే పెట్టగలదు. అంటే మీ అసలు పోటీ మెల్‌బోర్న్‌లో ఉన్న ఏదో క్లబ్‌తో కాదు, మీ కౌన్సిల్ లిస్టులో మీకంటే పైన ఉన్న నెట్‌బాల్ కోర్టుతో, పక్క సబర్బ్ సాకర్ గ్రౌండ్‌తో. ఆ లిస్టు రౌండ్ ఓపెన్ అయ్యాక తయారయ్యేది కాదు, రెండు మూడేళ్ళ ముందే తయారై ఉంటుంది, రిక్రియేషన్ స్ట్రాటజీ అనో, రిజర్వ్ మాస్టర్ ప్లాన్ అనో, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉంటుంది. దించుకుని మీ రిజర్వ్ పేరు వెతకండి. పేరు లేకపోతే మీకు గ్రాంట్ పని ఇంకా మొదలవ్వలేదు అని అర్థం, ముందు ఆ ప్లాన్‌లోకి ఎక్కాలి. పబ్లిక్ కామెంట్స్ అడిగినప్పుడు రాయాలి, బడ్జెట్ సబ్మిషన్ టైమ్‌లో ఇద్దరు వెళ్ళి ఐదు నిమిషాలు మాట్లాడాలి. బోరింగ్ పనే. నేను వెళ్ళిన మొదటిసారి నా ముందు ఒక పెద్దావిడ కుక్కల పార్కు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడింది, నా వంతు వచ్చేసరికి ఇద్దరు కౌన్సిలర్లు టీకి లేచారు. కానీ ఆవిడకి కుక్కల పార్కు వచ్చింది! ప్రతి మీటింగుకీ వచ్చేదట.

ఇంకో మాట, మిగతా స్టేట్స్‌లో ఉన్నవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి. వెస్ట్రన్ ఆస్ట్రేలియాలో కమ్యూనిటీ స్పోర్టింగ్ అండ్ రిక్రియేషన్ ఫెసిలిటీస్ ఫండ్ అని చాలా ఏళ్ళ నుంచి ఉంది, దాని లెక్క మామూలుగా మూడోవంతు స్టేట్ ఇస్తుంది, మిగతా రెండొంతులు కౌన్సిల్, క్లబ్ కలిసి తెచ్చుకోవాలి. క్వీన్స్‌లాండ్‌లో గ్యాంబ్లింగ్ పన్ను డబ్బులోంచి కమ్యూనిటీ బెనిఫిట్ ఫండ్ ఉంది, చిన్న చిన్న పనులకి బాగా పనికొస్తుంది. పేర్లు, మొత్తాలు మారతాయి కానీ స్థలం ఎవరిది, నీ వాటా ఎంత అనే రెండు ప్రశ్నలు ఎక్కడైనా అడుగుతారు.

ఫెడరల్ డబ్బు గురించి మన వాళ్ళకి ఆశ ఎక్కువ, అంకెలు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి. గ్రోయింగ్ రీజియన్స్ ప్రోగ్రామ్ అని 2022 అక్టోబర్ బడ్జెట్‌లో 60 కోట్ల డాలర్లు ప్రకటించారు, దాని రెండు రౌండ్లూ ఇప్పుడు అయిపోయాయి. బెండిగో రీజనల్ కిందే వస్తుంది కాబట్టి స్థలం పరంగా మీకు ఓకే. కానీ గ్రాంట్ కనీసం 5 లక్షల డాలర్ల నుంచి మొదలయ్యేది, పైన కోటిన్నర దాకా, మామూలుగా సగం వాటా మనమే తెచ్చుకోవాల్సి వచ్చేది. మీ లైట్ల పని, చేంజ్ రూమ్ రిపేరు కలిపినా ఆ సైజుకి రాకపోవచ్చు, వచ్చినా మిగతా సగం మీ దగ్గర ఎక్కడుంది? అది కౌన్సిళ్ళు స్టేడియం కట్టుకోవడానికి, మనలాంటి వాళ్ళకి కాదు. ఇందులో ఇంకో తమాషా ఉంది, "రీజనల్" అంటే మనం అనుకునేది కాదు, బ్యూరో ఆఫ్ స్టాటిస్టిక్స్ వాళ్ళ మ్యాపులో గ్రేటర్ మెల్‌బోర్న్ గీతకి బయట ఉండాలి. జీలాంగ్ అంత పెద్ద సిటీ బయట ఉంది కాబట్టి రీజనల్, చుట్టూ ఆపిల్ తోటలుండే బాకస్ మార్ష్ మాత్రం గీత లోపల ఉంది. అక్కడ నాకు తెలిసిన ఒకాయన మూడు వారాలు కూర్చుని ఫారం నింపాక ఈ సంగతి చూసుకున్నాడు.

లేడీస్ టీము ఉంది అన్నారు కదా, అది మీ చేతిలో ఉన్న పెద్ద బలం, దాన్ని మీరు అప్లికేషన్‌లో ఆఖరి పేరాలో పెట్టారు. 2023లో ఉమెన్స్ వరల్డ్ కప్ సాకర్ ఇక్కడ జరిగి మటిల్డాస్ (ఆస్ట్రేలియా ఆడవాళ్ళ సాకర్ టీము) సెమీస్ దాకా వెళ్ళినప్పుడు ఫెడరల్ గవర్నమెంట్ ప్లే అవర్ వే అని 20 కోట్ల డాలర్లు ఆడవాళ్ళ, ఆడపిల్లల స్పోర్ట్ కోసమని ప్రకటించింది. అలాంటి ప్రోగ్రాములు మళ్ళీ మళ్ళీ వస్తాయి. విక్టోరియాలో అయితే ఇంకాస్త గట్టిగా ఉంది, 2024 జూలై 1 నుంచి కౌన్సిల్ దగ్గర ఫెయిర్ యాక్సెస్ పాలసీ లేకపోతే, అంటే గ్రౌండ్ టైములు ఆడవాళ్ళకి మగవాళ్ళకి సమంగా ఇస్తున్నాం అని రాతపూర్వకంగా లేకపోతే, స్టేట్ స్పోర్ట్స్ ఇన్‌ఫ్రా డబ్బుకి ఆ కౌన్సిల్‌కి అర్హతే ఉండదు. కాబట్టి మీ లేడీస్ టీముకి మంచి స్లాట్ ఇచ్చి, అది రోస్టర్‌లో కనిపించేలా చూడండి. ఆదివారం మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక మిగిలిన టైము వాళ్ళకిస్తూ, ఫారంలో మాత్రం "మహిళా క్రీడకు ప్రాధాన్యం" అని రాస్తే దొరికిపోతారు, ఎందుకంటే ఆ బుకింగ్ షీటు కౌన్సిల్ దగ్గరే ఉంటుంది.

చేంజ్ రూమ్ డిజైన్ కూడా చూసుకోండి. ఇప్పుడు అందరూ అడిగేది జెండర్ న్యూట్రల్ రూమ్స్, అంటే వరసగా యూరినల్స్, గోడ లేకుండా ఓపెన్ షవర్లు పెట్టకూడదు, తలుపు, గడియ ఉన్న క్యూబికల్స్ ఉండాలి, అప్పుడు ఎవరి మ్యాచ్ ఉంటే వాళ్ళు వాడుకోవచ్చు. మా క్లబ్‌లో ఒక మెంబర్ డ్రాఫ్ట్స్‌మన్, ఫ్రీగా డ్రాయింగ్ గీసిచ్చాడు, పాపం బాగానే గీశాడు కానీ నాలుగు యూరినల్స్ పెట్టాడు, పాత పెవిలియన్‌ని చూసి అలాగే. కౌన్సిల్ ఆవిడ ఆ డ్రాయింగ్ మీద ఎర్ర పెన్నుతో నాలుగు సున్నాలు చుట్టి వెనక్కి ఇచ్చింది, ఒక్క మాట కూడా రాయలేదు. మాకు అర్థం కావడానికి వారం పట్టింది, ఈలోపు రౌండ్ క్లోజ్.

ఇప్పుడు లైట్లు. ఇది కాస్త వివరంగా చెప్తా, మీరు తప్పు చేస్తున్నది ఇందులోనే అని నా అనుమానం. మీరు క్రికెట్ క్లబ్. క్రికెట్ ఎండాకాలం ఆట. ఇక్కడ ఎండాకాలం అంటే డిసెంబర్, అప్పుడు డేలైట్ సేవింగ్‌తో (గడియారం గంట ముందుకి జరుపుతారు) సూర్యుడు మునిగేది దాదాపు రాత్రి 8:45కి. మరి ఫారం చదివే మనిషికి మొదట వచ్చే డౌట్ ఏంటి? వీళ్ళకి లైట్లెందుకు అని. పైగా క్లబ్ లెవెల్‌లో ఫుటీకి (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్), సాకర్‌కి ప్రాక్టీస్ అయితే 50 లక్స్ (వెలుగు కొలత), మ్యాచ్ అయితే 100 లక్స్ ఉంటే సరిపోతుంది, కానీ క్రికెట్ హార్డ్ బాల్ రాత్రిపూట ఆడాలంటే దానికి ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు కావాలి, ఆ ఖర్చు ఏ చిన్న గ్రాంటూ మొయ్యదు. మీరేమో "క్రికెట్ ప్రాక్టీస్ కోసం గ్రౌండ్ లైట్లు" అని రాశారు. అదే ఓవల్ గ్రౌండ్‌లో చలికాలం ఫుటీ ఆడేవాళ్ళు ఉన్నారు కదా, మీరే రాశారు వాళ్ళతో రోలర్ విషయంలో గొడవ అని. ఆ గొడవ పక్కన పెట్టి వాళ్ళతో కూర్చోండి. జూన్‌లో సాయంత్రం ఐదుంబావుకే చీకటి పడిపోతుంది, లైట్లు నిజంగా కావాల్సింది వాళ్ళకి. వాళ్ళకి జూనియర్ గర్ల్స్ టీములు కూడా ఉంటే ఇంకా మంచిది. రెండు క్లబ్బులు కలిసి ఒకే ఉత్తరం రాసి కౌన్సిల్‌కి ఇస్తే, ఓవల్ లైట్లు వాళ్ళ పేరు మీద ముందుకెళ్తాయి, చేంజ్ రూమ్స్ ఇద్దరి పేరు మీద, మీకు నెట్స్ దగ్గర రెండు పోల్స్ అందులోనే కలుపుకోవచ్చు. ఒక్కళ్ళుగా వెళ్తే మీరు ఏడాదిలో ఆరు నెలలు వాడే క్లబ్, కలిసి వెళ్తే పన్నెండు నెలలు వాడే రిజర్వ్.

లైట్ల గురించి ఇంకొకటి, ఇది నాకు తగిలిన దెబ్బ. మాకు గ్రాంట్ శాంక్షన్ అయ్యింది, నాలుగు పోల్స్‌కి కొటేషన్ ఉంది, పార్టీ కూడా చేసుకున్నాం. కాంట్రాక్టర్ మొదటిరోజు వచ్చి పెవిలియన్ వెనకాల స్విచ్‌బోర్డ్ డబ్బా తెరిచాడు. లోపల పింగాణీ ఫ్యూజులు, సాలెగూడు, ఒక బల్లి. అతను నవ్వలేదు కూడా, "మీకు ఇక్కడ పవర్ ఎంత వస్తుందో ఎవరైనా చూశారా" అని అడిగాడు. ఎవరూ చూడలేదు. ఉన్న కనెక్షన్ కెటిల్‌కీ ఫ్రిజ్‌కీ సరిపోతుంది అంతే, కొత్త లైట్లకి వీధి నుంచి కొత్త లైను లాగాలి, ట్రాన్స్‌ఫార్మర్ పెంచాలి, దానికి ఎలక్ట్రిసిటీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర అప్లికేషన్, నెలల తరబడి వెయిటింగ్. ఖర్చు లైట్ల ఖర్చులో మూడోవంతు పైనే అయ్యింది, ఆ లోపల కొటేషన్ వాలిడిటీ అయిపోయి పోల్స్ రేటు కూడా పెరిగింది. గ్రాంట్ ఇచ్చిన వాళ్ళు ఒక్క డాలర్ పెంచరు, అగ్రిమెంట్‌లోనే ఉంటుంది ఎక్స్‌ట్రా అంతా మీదే అని. చివరికి నాలుగు పోల్స్ బదులు రెండు పోల్స్ వేసి సగం గ్రౌండ్‌కి వెలుగు తెచ్చుకున్నాం, ఆ మార్పుకి మళ్ళీ పర్మిషన్. శాంక్షన్ అయిన రోజు నుంచి స్విచ్ వేసే రోజుకి 22 నెలలు. కాబట్టి మీరు కొటేషన్ తీసుకునే ముందే ఒక ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్ళి సైట్ పవర్ చెక్ చేయించి ఒక పేజీ రిపోర్ట్ రాయించుకోండి, ఆ పేజీ అప్లికేషన్‌కి జత చేస్తే "వీళ్ళకి పని తెలుసు" అని అర్థమవుద్ది. బడ్జెట్‌లో కంటింజెన్సీ అని, అంటే అనుకోని ఖర్చులకి, కనీసం పది శాతం పెట్టండి, ధరలు పెరిగేదానికి వేరే లైన్ పెట్టండి, అది ఆశపడటం కాదు.

మార్కులు ఎలా వేస్తారు అనేదానికి ఒక ఉదాహరణ చెప్తా, దాంతోనే మీ ఎంపీ ప్రశ్నకి కూడా జవాబు వస్తుంది. 2018లో ఫెడరల్ గవర్నమెంట్ కమ్యూనిటీ స్పోర్ట్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ గ్రాంట్ అని పెట్టింది, ఒక్కో ప్రాజెక్టుకి 5 లక్షల డాలర్ల దాకా. మార్కులు సగం కమ్యూనిటీ పార్టిసిపేషన్‌కి, పావు వంతు అవసరానికి, పావు వంతు డిజైన్, డెలివరీకి. చూశారా, ఎంతమంది కొత్తగా ఆడతారు అన్నదానికే సగం. మనవాళ్ళేమో గోడల పగుళ్ళ ఫొటోలు ఇరవై పెడతారు, అవి అవసరం కిందకే వస్తాయి. "గది లేక పోయినేడు పదకొండు మంది ఆడపిల్లలు పేరిచ్చి మానేశారు, వాళ్ళ లిస్టు ఇదిగో, గది వస్తే రెండో టీము పెడతాం, కోచ్ రెడీగా ఉంది" అని రాస్తే అది పార్టిసిపేషన్.

సరే ఆ ప్రోగ్రామ్‌కి ఏమైందో తెలుసు కదా, ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియకపోవచ్చు. రెండు వేలకి పైగా అప్లికేషన్లు వచ్చాయి, 684కి శాంక్షన్ అయ్యాయి, మొత్తం 10 కోట్ల డాలర్లు. స్పోర్ట్ ఆస్ట్రేలియా అనే ఫెడరల్ స్పోర్ట్స్ సంస్థ వాళ్ళు మార్కులు వేసి లిస్టు ఇచ్చారు, ఫైనల్ సంతకం మాత్రం అప్పటి స్పోర్ట్ మినిస్టర్ బ్రిడ్జెట్ మెకెంజీది. 2020 జనవరిలో నేషనల్ ఆడిట్ ఆఫీస్ రిపోర్ట్ వచ్చింది. మొదటి రౌండ్‌లో శాంక్షన్ అయినవాటిలో 41 శాతం, రెండో రౌండ్‌లో 70 శాతం, మూడో రౌండ్‌లో 73 శాతం స్పోర్ట్ ఆస్ట్రేలియా సిఫారసు చేసిన లిస్టులో లేనివి. గెలుపోటములు అటూ ఇటూగా ఉన్న సీట్ల వైపు మొగ్గు కనిపించిందని ఆడిట్ రాసింది. పేపర్లన్నీ స్పోర్ట్స్ రార్ట్స్ (రార్ట్ అంటే ఇక్కడి వాడుకలో గోల్‌మాల్) అని పేరు పెట్టాయి. ఫిబ్రవరి 2020లో ఆవిడ రాజీనామా చేసింది, అదీ ఈ లిస్టు వల్ల అని కాదు, గ్రాంట్ వచ్చిన వాంగరట్టా షూటింగ్ క్లబ్‌లో తను మెంబర్ అని చెప్పకపోవడం వల్ల. ఆ క్లబ్‌కి వచ్చింది 36 వేల డాలర్లు.

ఒక పార్టీ జబ్బు అనుకోకండి. 1993-94లో లేబర్ మినిస్టర్ రాస్ కెల్లీ దాదాపు 3 కోట్ల డాలర్ల స్పోర్ట్స్ గ్రాంట్లు ఎలా పంచారు అని అడిగితే, ఆఫీసులో ఒక పెద్ద వైట్‌బోర్డ్ మీద రాసుకుని తుడిచేశాం అని చెప్పింది. ఆవిడా రాజీనామా చేసింది. ఇక 2019 ఎలక్షన్ ముందు ఫీమేల్ ఫెసిలిటీస్ అండ్ వాటర్ సేఫ్టీ స్ట్రీమ్ అని 15 కోట్ల డాలర్లు, పేరులో ఆడవాళ్ళ చేంజ్ రూమ్స్ ఉన్నాయి, అసలు అప్లికేషన్లు పిలవనే లేదు, ఎలక్షన్ హామీలుగా పంచేశారు, ఎక్కువ భాగం స్విమ్మింగ్ పూల్స్‌కి వెళ్ళింది, అందులో కోటి డాలర్లు సిడ్నీ హార్బర్ బ్రిడ్జి పక్కనున్న నార్త్ సిడ్నీ పూల్‌కి. అదీ సంగతి.

అయితే ఎంపీని పట్టుకోవడమే కరెక్ట్ కదా అంటారు. పట్టుకోండి, తప్పేం లేదు, కానీ ఎందుకు పట్టుకుంటున్నారో తెలిసి పట్టుకోండి. ఎలక్షన్ హామీ అంటే పోటీ లేకుండా వచ్చే డబ్బు, నిజంగానే వస్తుంది, నేను చూశా. కానీ హామీ ఇచ్చే క్యాండిడేట్‌కి కావాల్సింది ఏంటి? ఒక పేజీలో ప్రాజెక్టు, ఒక డ్రాయింగ్, ఒక ఖర్చు అంకె, కౌన్సిల్ ఒప్పుకుంది అనే లెటర్, ఫొటోకి నిలబడే పిల్లలు. అవి రెడీగా ఉన్న క్లబ్‌కే హామీ వస్తుంది, అంటే మళ్ళీ అదే హోంవర్క్. పోటీలో ఉన్న అందరు క్యాండిడేట్లకీ అదే పేజీ ఇవ్వండి, ఒక్క పార్టీ మనుషులు అని పేరు పడితే అవతలివాళ్ళు గెలిచినరోజు మీ క్లబ్ సంగతి అంతే. మీది సేఫ్ సీటు, అంటే ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన సీటు అయితే మరీ ఆశ పెట్టుకోకండి. పైగా స్పోర్ట్స్ రార్ట్స్ తర్వాత ఫెడరల్ గ్రాంట్లలో మినిస్టర్ ఎందుకు ఒప్పుకున్నారో రాతపూర్వకంగా ఉండాలన్న రూల్స్ బిగించారు, ఆఫీసర్లు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తున్నారు, మినిస్టర్ గారికి ఫోన్ చేయిద్దాం అనే మాట ఆఫీసర్ ముందు అనకండి, పని చెడుతుంది.

హామీలు గాల్లో కలిసిపోవడం బెండిగో వాళ్ళకి నేను చెప్పాలా. 2026 కామన్వెల్త్ గేమ్స్ జీలాంగ్, బల్లారట్, బెండిగో, గిప్స్‌ల్యాండ్‌లో అన్నారు, 2023 జూలైలో స్టేట్ క్యాన్సిల్ చేసింది, 38 కోట్ల డాలర్లు నష్టపరిహారం కట్టింది, దాని బదులు 200 కోట్ల రీజనల్ ప్యాకేజీ ప్రకటించింది, అందులో స్పోర్ట్స్ వసతులకీ కొంత వాటా ఉంది. ఆ వాటాలో మీ కౌన్సిల్‌కి ఏం వచ్చింది, ఇంకా ఏం పెండింగ్ ఉంది అనేది కౌన్సిలర్‌ని సూటిగా అడగండి.

మీ వాటా గురించి. చేతిలో 14 వేలు ఉన్నాయన్నారు, అది తక్కువేం కాదు. కొన్ని ప్రోగ్రాముల్లో వాలంటీర్ల శ్రమని కూడా వాటా కింద లెక్కకడతారు, గంటకి ఇంత అని, గైడ్‌లైన్స్‌లో ఇన్-కైండ్ అనే సెక్షన్ చూడండి. పాత టైల్స్ పీకడం, పెయింటింగ్ లాంటివి మనవాళ్ళు పదిమంది ఒక వీకెండ్‌లో చేసేస్తారు. చందాల విషయంలో ఆస్ట్రేలియన్ స్పోర్ట్స్ ఫౌండేషన్ అని 1986 నుంచి ఉంది, అక్కడ మీ ప్రాజెక్ట్ రిజిస్టర్ చేసుకుంటే దాని ద్వారా ఇచ్చేవాళ్ళకి 2 డాలర్లు, ఆపైన డొనేషన్‌కి టాక్స్‌లో మినహాయింపు వస్తుంది, నేరుగా క్లబ్ అకౌంట్‌కి వేస్తే రాదు. మన కమ్యూనిటీలో ఐటీ జీతాలున్నవాళ్ళకి జూన్ నెలలో, అంటే ఇక్కడి టాక్స్ ఏడాది ముగిసే ముందు, ఈ మాట చెప్పి చూడండి. జీఎస్టీ ఒకటి, నాన్ ప్రాఫిట్ క్లబ్‌కి ఏడాది టర్నోవర్ లక్షన్నర డాలర్ల దాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పెద్ద గ్రాంట్ మీ అకౌంట్లో పడితే ఆ గీత దాటే ఛాన్స్ ఉంది, అందుకని ముందే అకౌంటెంట్‌ని అడగండి. కౌన్సిలే అప్లై చేసి కౌన్సిలే కట్టిస్తే మీకు ఈ తలనొప్పి ఉండదు, నాకైతే అదే ఇష్టం, బిల్డింగ్ పర్మిట్ దగ్గర్నుంచి కాంట్రాక్టర్ గొడవ దాకా వాళ్ళే చూసుకుంటారు, రిబ్బన్ కటింగ్‌లో మనం వెనక వరసలో నిలబడతాం, నిలబడదాం.

గ్రాంట్ రైటర్ ఎంత అడుగుతున్నాడో మీరు రాయలేదు. వచ్చిన గ్రాంట్‌లో ఇంత శాతం అంటే మాత్రం వద్దు, గ్రాంట్ డబ్బు ప్రాజెక్టుకి తప్ప అలాంటి వాటికి వాడకూడదు అని దాదాపు అన్ని అగ్రిమెంట్లలో ఉంటుంది, అది మీ మెడకి చుట్టుకుంటుంది. ఫిక్స్‌డ్ ఫీజు అయితే అతన్ని ఒక్కటే అడగండి, "మా గ్రౌండ్ ఓనర్ కన్సెంట్ నువ్వు తెస్తావా?" తేలేను అంటే, మిగిలింది ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాయడమే, అది మీ క్లబ్‌లో యూనివర్సిటీకెళ్ళే పిల్లలెవరైనా చేస్తారు. ఆ డబ్బు ఎలక్ట్రీషియన్ రిపోర్ట్‌కి పెట్టండి.

ఈ వారం చెయ్యాల్సింది మెయిల్ కాదు, ఫోన్. కౌన్సిల్ మెయిన్ నంబర్‌కి చేసి రిక్రియేషన్ ప్లానింగ్ టీమ్ అని అడగండి, గ్రాంట్ మాట ఎత్తకుండా "మా రిజర్వ్‌కి మాస్టర్ ప్లాన్ ఉందా, ఒకసారి సైట్ దగ్గర పావుగంట కలుస్తారా" అని అడగండి. వచ్చేటప్పుడు ఫుటీ క్లబ్ ప్రెసిడెంట్‌ని కూడా పిలవండి, లేడీస్ టీమ్ కెప్టెన్ మాట్లాడితే ఇంకా మంచిది. పెవిలియన్ వెనక స్విచ్‌బోర్డ్ డబ్బా తెరిచి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, మీకు వీధి నుంచి లైను లాగాల్సి వస్తుందో లేదో చూసి చెప్తా.